మల్లిక మాస్కు తీయలేదు

"ఎవలో నా పాప్‌కార్న్ తింటున్నరు!"

పక్క సీట్లోంచి ఆ గొంతు వినిపించగానే మల్లిక చెయ్యి డబ్బా అంచు మీదే ఆగిపోయింది. నోట్లో ఉన్నది నమలాలో మింగాలో తెలియలేదు. గడ్డం కిందికి లాక్కున్న మాస్కును గబుక్కున ముక్కు మీదికి ఎక్కించుకుని, ఏమీ ఎరగనట్టు తెర వైపు చూస్తూ కూర్చుంది.

"పరమేశా, నువ్వేనారా?"

"నాకేం ఖర్మరా? నా డబ్బా నాకున్నది."

ఇంటర్వెల్ లైట్లు వెలిగాయి. విజేందర్ సగానికి దిగిపోయిన డబ్బాను పైకెత్తి చూశాడు. ఎడమ పక్కన పరమేష్ ఉన్నాడు. కుడి పక్కన మల్లిక, ముక్కు నుంచి గడ్డం దాకా నెమలికంఠం రంగు మాస్కుతో.

"మల్లికా, నువ్వు తినలే గద?"

"మాస్కు పెట్టుకొని ఎట్ల తింటరు?"

"అదే నాకూ సమజైతలేదు." అతని చూపు మెల్లగా ఆమె చున్నీ మీదికి దిగింది. మడతల్లో రెండు పాప్‌కార్న్ గింజలు తెల్లగా కూర్చుని ఉన్నాయి. "మరి గివి ఎగిరొచ్చి వాలినయా?"

మల్లిక చున్నీ దులుపుకుంది. కోపంగా చూద్దామనుకుంది కానీ నవ్వు ఆగలేదు.

"నవ్వుతున్నవ్! కండ్లు చెప్తున్నయ్. దొంగతనం ఒప్పుకున్నట్టేనా?"

"ఒప్పుకోను. సాక్షి ఎవరు?"

"నీ కండ్లే." విజేందర్ డబ్బా ఆమె ఒళ్లో పెట్టేశాడు. "తిను. లైట్లు పోయినంక నేను ఇటు చూడ. ప్రామిస్."

లైట్లు ఆరాయి. అన్న మాట ప్రకారం అతను ఆ తర్వాత ఒక్కసారి కూడా కుడి వైపు తిరగలేదు. అందుకే మల్లికకు భయం వేసింది. చూడొద్దని చెప్పకుండానే చూడకుండా ఉండేవాడు ఆమెకు అప్పటిదాకా ఎదురు కాలేదు. ఇలాంటివాడు ఒక రోజు తప్పకుండా చూస్తానంటాడు. అప్పుడేం చేయాలి?

మల్లికది మర్రిగూడ దగ్గర ఒక పల్లె. ఆమె పుట్టి పెరిగిన రోజుల్లో ఇంటింటా తాగింది ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్లే. ఆ నీళ్లు కొందరి నడుములు వంచాయి, కొందరి మోకాళ్లు పట్టేశాయి. మల్లికను మాత్రం పళ్లతో సరిపెట్టి వదిలేశాయి. గోధుమరంగు చారలతో, అక్కడక్కడా సున్నం పెచ్చులూడినట్టున్న గార పళ్లు. ఊళ్లో అందరివీ అవే కాబట్టి పదో తరగతి దాకా అదొక విషయమని కూడా ఆమెకు తెలియదు. ఇంటర్ చదవడానికి పట్నానికి వెళ్లాకే తెలిసింది. కాలేజీ ఫంక్షన్లో గ్రూప్ ఫొటో తీస్తున్నవాడు అందరి ముందూ అన్నాడు: "చెల్లె, నువ్వు జర నోరు మూసుకో. ఫొటో ఖరాబైతది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు మల్లిక చెవుల్లోంచి పోలేదు. అప్పటి నుంచి మాట్లాడితే చెయ్యి అడ్డం, నవ్వొస్తే చున్నీ అడ్డం. డిగ్రీ అయిపోయేదాకా ఆమెను మూగపిల్ల అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

తర్వాత కరోనా వచ్చింది. లోకం మొత్తం మూతికి గుడ్డ కట్టుకుంది. ఆ రోగం రావాలని ఎవరు కోరుకుంటారు? ఊళ్లో పోయినవాళ్ల కోసం మల్లిక కూడా ఏడ్చింది. అయినా నల్లగొండలో ఎమ్మెస్సీలో చేరి, మాస్కులు పెట్టుకున్న క్లాసులో మొదటిరోజు లేచి నిలబడి పేరు చెప్పినప్పుడు, తన గొంతు అంత గట్టిగా ఉంటుందని ఆమెకే తెలియదు. సెమినార్ చెప్పింది. లెక్చరర్‌తో వాదించింది. పాప్‌కార్న్ దొంగిలించింది. అదంతా ఆ జానెడు గుడ్డ ధైర్యమే.

రెండేళ్లు ఇళ్లలో మగ్గి వచ్చిన పిల్లలు వాళ్లు. క్లాసులు మొదలవడమే ఆలస్యం, బయట తిరగడానికి, కొనడానికి, తినడానికి ఎగబడ్డారు. స్కాలర్‌షిప్ పడితే సినిమా, పుట్టినరోజైతే మండి బిర్యానీ, ఏమీ లేకపోతే ఏమీ లేదని ఐస్‌క్రీమ్. మల్లిక రూమ్మేట్ రూప అయితే ఫోన్లో ఆఫర్ కనిపిస్తే చాలు, ఏదో ఒకటి నొక్కేది. పానగల్లు రోడ్డులోని వాళ్ల కిరాయి గదికి దారి, డెలివరీ కుర్రాళ్లకు కళ్లు మూసుకున్నా తెలుసు.

"గిదేందే రూపా, మళ్ల చెప్పులా? మొన్న తెచ్చినయ్ ఇంక డబ్బల్నే ఉన్నయ్."

"అవి మామూలు చెప్పులు. గివి ఔటింగ్ చెప్పులు. నువ్వు మాస్కులు కొంటలేవా, డ్రెస్సుకొకటి?"

 నిజమే, మల్లిక చేసే దుబారా అంతా మాస్కుల మీదే. గదిలో అన్నం తినేటప్పుడు కూడా రూపకు వీపు తిప్పి కూర్చునేది.

ఎప్పుడు ఎక్కడికి వెళ్లాలో తేల్చేది విజేందర్. క్లాసులో అతన్ని 'ఔటింగ్ మినిస్టర్' అనేవారు. హాలియా దగ్గర కాలువ కింద వరి పండించే ఇంటి పిల్లవాడు. మాటకు ముందు నవ్వు. ఎవరైనా ఫీజు బాధలో ఉంటే వాళ్లకు తెలియకుండా వాళ్ల టికెట్ తీసే రకం. అతను పెట్టే ప్లాన్లలో సినిమా అంటే మల్లిక వస్తుంది. గడియారం సెంటర్‌లో షాపింగ్ అంటే వస్తుంది. తిండి మాట వస్తే మాత్రం ఆమెకు కడుపునొప్పో తలనొప్పో వచ్చేది.

"నీకు తిండంటే అంత పగేంది?" ఒకరోజు బట్టల షాపు ముందు వాన పడుతుంటే చూరు కింద నిలబడి అడిగాడు విజేందర్. మిగతావాళ్లు ఎదురుగా బజ్జీల బండి దగ్గర తడుస్తూ తింటున్నారు.

"పగ లేదు. బయట తింటె నాకు పడదు."

"గట్లనా? మరి పాప్‌కార్న్ ఎట్ల పడ్డది?"

"అది దొంగ సొత్తు. అరుగుతది."

అతను పగలబడి నవ్వాడు. తర్వాత జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి, వానలోకి చూస్తూ ఆమె చేతికిచ్చాడు. లోపల తెల్లటి మాస్కు. ఓ మూలన దారంతో కుట్టిన మల్లెమొగ్గలు.

"నీ పేరు మీద కుట్టిచ్చిన," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నీకు మాస్కులంటె ఇష్టం గద అని."

మల్లిక ఆ మొగ్గలను వేలితో తడిమింది. "మస్తున్నది," అంది.

"ఉంటది. ఉత్త కండ్లే గింత మంచిగ నవ్వుతే, ఇగ నవ్వెట్లుంటదో! మా అమ్మకు కూడ చెప్పిన. ముత్యాలు రాలినట్టు ఉంటదని."

వాన చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయినట్టయింది. చేతిలోని మల్లెమొగ్గలు ముళ్లలా గుచ్చుకున్నాయి. ఇతను ప్రేమిస్తున్నది తనను కాదు. గుడ్డకు పైన కనిపించే సగం మొహాన్ని, గుడ్డ కింద అతను ఊహించుకున్న ఇంకో సగాన్ని. ఆ రెండో అమ్మాయి ఎక్కడా లేదు. ఆ సంగతి బయటపడిన రోజు, ఫొటోగ్రాఫర్ మొహంలో చూసిన ఆ వంకర ఈ మొహంలో కూడా చూడాలి. దానికంటే ఈ కరోనా ఎప్పటికీ పోకపోతేనే బాగుండునని అనుకుని, అలా అనుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆ ఆలోచన నుంచి తప్పించుకోవడానికి ఫోన్లో పళ్ల డాక్టర్ల గురించి వెతికింది. అదే పొరపాటైంది. అప్పటి నుంచి ఫోన్ తెరిస్తే చాలు, తెల్లటి పళ్ల అమ్మాయిలు. 'మీ నవ్వే మీ విలాసం', 'పండుగ ఆఫర్', 'వాయిదాల్లో కొత్త నవ్వు'. వంట వీడియో చూస్తుంటే మధ్యలో వాళ్లే, పాట వింటుంటే మధ్యలో వాళ్లే. ఆమె లోపలి భయాన్ని ఫోన్ పసిగట్టి ఊరంతా టముకు వేస్తున్నట్టుండేది. రూప పక్కకు వస్తే ఫోన్ బోర్లా తిప్పేసేది.

ఎండలు ముదిరాయి. ఒక సోమవారం క్లాసుకు వెళ్లేసరికి ముందు బెంచీలో పరమేష్ మీసం కనిపించింది. అతనికి మీసం ఉందని అప్పటిదాకా చాలామందికి తెలియదు. "ఇగ మాస్కు బాధ లేదంట!" అని ఎవరో అరిచారు. ఒక్కొక్కరే మాస్కులు తీసి ఎగరేశారు. గది నిండా కొత్త ముక్కులు, కొత్త పెదాలు, కొత్త నవ్వులు. ఒకరినొకరు చూసుకుని గోల గోల.

మల్లిక మాస్కు తీయలేదు.

"డస్ట్ అలర్జీ," అంది మొదటిరోజు. "జలుబు," అంది తర్వాత. వారం దాటాక అందరూ అడగడం మానేశారు కానీ, చూడడం మొదలుపెట్టారు. అందరూ కప్పుకున్నప్పుడు ఆమెను దాచిన గుడ్డే ఇప్పుడు ఆమెను వేలెత్తి చూపిస్తోంది. క్యాంటీన్ పక్కనుంచి నడుస్తుంటే వెనక ఎవరు నవ్వినా తన గురించేననిపించేది.

ఆ వారమే విజేందర్ లైబ్రరీ మెట్ల మీద దారికి అడ్డం నిలబడ్డాడు. మొహం మీద మాస్కు లేదు. ఎడమ బుగ్గ మీద సొట్ట ఉందని మల్లిక అప్పుడే చూసింది, చూసి తల తిప్పుకుంది.

"శనివారం నా బర్త్‌డే. చిట్యాల దగ్గర హైవే మీద కొత్త కేఫ్ పెట్టిండ్రు. లైట్లు, ఫౌంటేన్, మస్తుగున్నది. టేబుల్ బుక్ చేసిన."

"మంచిది. అందరూ పోండ్రి. నాకు రికార్డ్ రాసేదున్నది."

"అందరు కాదు." అతని గొంతు తగ్గింది. "ఇద్దరికే బుక్ చేసిన."

మల్లిక కళ్ల ముందు ఆ టేబుల్ కనిపించింది. లైట్లు. ఎదురెదురు కుర్చీలు. మధ్యలో కేకు. నోరు తెరవాలి. ఆ లైట్లన్నీ తన నోట్లోనే పడతాయి.

"నేను రాను."

"ఆదివారం పోదామా పోనీ?"

"ఏ వారం పోయినా రాను. నాకు గిట్ల తిరుగుడు, గీ ఖర్సులు నచ్చయి. నీకు వేరే పనేం లేదా?"

అన్న మరుక్షణం నాలుక కొరుక్కుంది. విజేందర్ మొహం మాడిపోయింది.

"చీకట్ల సినిమాకు వస్తవ్. వెలుతుర్ల నా ఎదురుంగ కూసోనికి రావు. అంతే గద? నాతోని కనవడితె నీకు నామోషి."

"అది కాదు..."

"మరేంది? చెప్పు. వింట."

చెప్పాలంటే నోరు తెరిచి చూపించాలి. మల్లిక చూపించలేదు. అతను కాసేపు ఎదురుచూసి మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ శనివారం ఆమె గదిలో తలుపేసుకుని అద్దం ముందు నిలబడి, మాస్కు తీసి, పెదాలు విప్పి చూసుకుంది. తిరిగి మూసేసుకుంది.

పరీక్షల ముందు ఆఖరి ఔటింగ్ సాగర్‌కు. మల్లిక రానంటే రూప ఊరుకోలేదు. "ఏందే నీ లొల్లి? నువ్వు రాకపోతె ఆయన కూడ రాడంట. ఇద్దరు ఎడమొహం పెడమొహం పెట్టుకొనైనా రాండ్రి, ఫొటోలకు జనం కావాలె," అని చెయ్యి పట్టి వ్యాన్ ఎక్కించింది.

డ్యామ్ చూశారు. రీల్స్ తీశారు. పరమేష్ ఎవరి దగ్గరో కిరాయికి తెచ్చిన కెమెరాను మెడలో బిడ్డలా వేలాడదీసుకుని తిరిగాడు. విజేందర్ మల్లిక వైపు చూడలేదు. మల్లిక అతని వీపును మాత్రమే చూస్తూ తిరిగింది. తిరుగు ప్రయాణంలో హాలియా ఇంకా రాకముందే, ఎడమ కాలువ గట్టు మీద వ్యాన్ ఆపించారు. కాలువ నిండుగా పోతోంది. సూర్యుడు వాలుతూ నీళ్లన్నీ రాగిరంగులో మెరుస్తున్నాయి. ఫొటోకు అంతకంటే మంచి జాగా దొరకదని పరమేష్ గొడవ.

బోరులో నీళ్లు అడుగంటితే దిగులుపడే ఊరిలో పెరిగిన మల్లికకు అన్ని నీళ్లు ఒక్కచోట ఉరుకుతుంటే చూడడం భయం. గట్టు మీదే వ్యాన్‌ను పట్టుకుని నిలబడింది. మగపిల్లలు సిమెంటు వాలు మీద కిందికి దిగారు.

"జరుగు, ఇంకా జర కిందికి," అంటున్నాడు పరమేష్. అంటూ అంటూ తనే వెనక్కి అడుగేశాడు. కాలు జారింది. విజేందర్ ఒక్క ఉదుటున అతని చొక్కా పట్టి పైకి తోశాడు. ఆ తోపుకు తన కాళ్ల కింది పాచి జారి, చప్పుడు కూడా లేకుండా నీళ్లలోకి వెళ్లిపోయాడు.

"వానికి ఈత వస్తది! వానికి ఈత వస్తది!" అని పరమేష్ అరుస్తున్నాడు.

ఈత వచ్చు. కానీ కాలువ అతన్ని ఆగనివ్వడం లేదు. ఒడ్డు పట్టుకోబోతే సిమెంటు మీద నాచు. వేళ్లు జారిపోతున్నాయి. తల మునుగుతోంది, తేలుతోంది. నీళ్లు అతన్ని తీసుకుని దిగువకు పోతున్నాయి.

మల్లిక ఎప్పుడు పరిగెత్తడం మొదలుపెట్టిందో ఆమెకు తెలియదు. గట్టు మీద, చెప్పులు వదిలేసి, అతని తలను కళ్లతో పట్టుకుని పరిగెత్తింది. ముందు పొలంలో కోతమిషన్ నడుస్తోంది. పక్కన ట్రాక్టర్. నలుగురు మనుషులు, వీపులు ఇటు తిప్పి.

"అన్నా!" అని అరిచింది. మాస్కులో ఆ అరుపు తన చెవులకే సరిగా వినపడలేదు. మిషన్ రొద. "అన్నా!" ఊపిరి అందడం లేదు. ముక్కుకూ నోటికీ తడిగుడ్డ అతుక్కుపోయింది. వేళ్లు పోనిచ్చి ఒక్క గుంజు గుంజింది. దారం తెగింది. మాస్కు ఎటు పోయిందో చూడలేదు.

"అన్నా! మోకు! మోకు ఎయ్యండ్రి! మనిషి కొట్టుకపోతుండు!"

ఈసారి ఆ అరుపు మిషన్ రొదను దాటింది. ట్రాక్టర్ మీది మనిషి తిరిగి చూశాడు. చూడగానే గడ్డి కట్టే మోకు చేతికి తీసుకుని గట్టెక్కాడు. ఇంకో ఇద్దరు వెనకే వచ్చారు. మొదటిసారి విసిరిన మోకు అతనికి అందలేదు. మల్లిక గట్టు మీద మోకాళ్ల మీద కూలబడి, "విజేందర్, పట్టుకో! ఇటు చూడు, ఇటు!" అని గొంతు చిరిగేలా అరిచింది. రెండోసారి అతని చెయ్యి మోకును చుట్టుకుంది.

పైకి లాగేసరికి అతని మోచేతులు చెక్కుకుపోయి ఉన్నాయి. నీళ్లు కక్కుకున్నాడు. దగ్గాడు. కళ్లు తెరిచి పైకి చూశాడు. ఎదురుగా మల్లిక మొహం. అప్పటికి మిగతావాళ్లు కూడా రొప్పుకుంటూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. అప్పుడు తగిలింది ఆమెకు, పెదాల మీద గాలి.

చెయ్యి దానంతట అదే నోటి మీదికి పోయింది. లేచి, జనాన్ని తప్పించుకుని వ్యాన్ ఎక్కి చివరి సీట్లో చున్నీలో మొహం దాచుకుంది. వ్యాన్ దవాఖానకు పోయి, అక్కడినుంచి నల్లగొండకు వచ్చేదాకా ఆమె తల ఎత్తలేదు. రూప పక్కన కూర్చుని భుజం నిమిరింది. "ఏం కాలేదే, బాగనే ఉన్నడు," అంటూనే ఉంది. మల్లిక భయం వేరని రూపకు తెలియదు.

తెల్లవారి మొదటి బస్సుకు మల్లిక ఊరికి వెళ్లిపోయింది.

ఫోన్ చేతిలోనే పెట్టుకుని కూర్చుంది. విజేందర్ ఫోన్ చేయలేదు. మెసేజ్ కూడా లేదు. మరునాడూ లేదు. ప్రాణం పోయేలా అరిచి పిలిచిన మనిషికి ఒక్క మాటైనా చెప్పాలనిపించలేదంటే, చూశాడన్నమాట. చూసి ఏమనాలో తెలియక ఊరుకున్నాడన్నమాట. బతికున్నాడు, అది చాలు, అనుకోబోయింది. చాలలేదు. ఆమె తల్లి గుర్వమ్మ అడిగితే, "పరీక్షలకు చదువుకోనికి వచ్చిన," అంది. పుస్తకం తెరిచిన పేజీ తెరిచినట్టే ఉండేది.

ఇంట్లో మాత్రం మాస్కు ఉండదు. ఇంట్లో ఎవరి పళ్లయినా అవే. నాలుగో రోజు మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని తల్లితో కలిసి చింతపండు గింజలు తీస్తుంటే, వీధి మలుపులో ఎవరినో అడుగుతున్న గొంతు వినిపించింది.

"జానయ్య గారి ఇల్లెక్కడ తాతా?"

తండ్రి పేరు అడుగుతున్నది విజేందర్ గొంతు. మల్లిక చేతిలోని చింతపండు జారింది. ఒక్క పరుగున లోపలికి పోయి సంచులన్నీ వెతికింది. దొరికింది ఆ మల్లెమొగ్గల తెల్ల మాస్కే. పెట్టుకుని తలుపు చాటున నిలబడింది.

విజేందర్ మోచేతులకు కట్లతో గడప ముందు నిలబడ్డాడు. "నమస్తే అమ్మా. నేను మల్లిక క్లాస్‌మేట్‌ను, విజేందర్."

"కాలువల వడ్డ పిలగాడివి నువ్వేనా బిడ్డ? రా, రా. రూప ఫోన్ చేసి చెప్పింది. గింత గండం గడిచినంక ఎండల వస్తరా?" గుర్వమ్మ నిండుగా నవ్వింది. ఆ నవ్వులో ఆమె పళ్లన్నీ కనిపించాయి. గోధుమరంగు చారలు, అరిగిన అంచులు. తలుపు సందులోంచి మల్లిక ఊపిరి బిగబట్టి విజేందర్ మొహాన్నే చూసింది. ఇప్పుడు వస్తుంది, ఆ వంకర. ఇప్పుడు.

రాలేదు. అతను చెప్పులు విప్పి అరుగు మీద కూర్చున్నాడు. గుర్వమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది.

"భయపడకు తాగు బిడ్డ. బోరునీళ్లు కావు, నల్ల ఇప్పితె వచ్చే నీళ్లే. మీ దిక్కు కృష్ణ నీళ్లే ఇప్పుడు మాకూ వస్తున్నయ్."

అతను చెంబు అందుకున్నాడు. చెంబులోకి చూశాడు. నీళ్లు తొణికాయి. అది మల్లికకు తలుపు చాటు నుంచి కూడా కనిపించింది. కష్టపడి రెండు గుక్కలు తాగి పక్కన పెట్టాడు. గుర్వమ్మ పొయ్యి మీద ఏదో మాడుతోందని వంటింట్లోకి పోయింది.

మల్లిక బయటికి వచ్చింది. దూరంగా, గోడకు ఆనుకుని నిలబడింది.

"ఫోన్ చెయ్యలే నువ్వు."

"ఫోన్ ఎక్కడిది? అది ఇంక కాలువల్నే ఉన్నది. మిర్యాలగూడ దాకా పొయ్యుంటది." నవ్వబోయాడు కానీ రాలేదు. "నీ నంబర్ నాకు నోటికి రాదు. రూప దగ్గరికి పోతె, ఊరికి పోయిందన్నది. మా అమ్మ బయటికి పోనిస్తలేదు. ఇయ్యాల చెప్పకుండ వచ్చిన."

"ఎందుకు? చూసినవ్ గద. ఇంక ఎందుకొచ్చినవ్?"

"ఏం చూసిన?"

"నా మొహం. ఆ రోజు, గట్టు మీద."

విజేందర్ అయోమయంగా చూశాడు. "ఏం కనవడ్డది నాకు? కండ్ల నిండ బురదనీళ్లు. నీ గొంతొక్కటి ఇనవడ్డది. అటు దిక్కు చెయ్యి చాపిన."

మల్లిక గోడకు ఇంకాస్త ఆనుకుంది. చూడలేదు. ఇన్ని రోజుల ఏడుపు వట్టిది. ఇంకా దాచుకోవచ్చు. ఆ ఊహ వచ్చిన వెంటనే ప్రాణం తేలికపడాల్సింది. పడలేదు. పాత భయమే తిరిగొచ్చి మెడ మీద కూర్చున్నట్టయింది.

"నేను వచ్చింది ఒక మాట చెప్పనీకి," అన్నాడు విజేందర్ నేల చూపులు చూస్తూ. "ఎవ్వలికి చెప్పలే. పరమేష్‌గానికి చెప్తె నవ్వుతడు. కాలువ ఒడ్డున పుట్టినోన్ని నేను. ఇప్పుడు తానానికి పోయి తల మీద నీళ్లు పోసుకుంటె ఊపిరి ఆగుతున్నది. ఇంట్ల నల్ల ఇప్పితె ఉలిక్కి పడుతున్న. గీ చెంబు నీళ్లు చూసి భయమైంది మల్లికా. ఔటింగ్ మినిస్టర్‌ని, చెంబుకు భయపడుతున్న." చెంబును ఇంకాస్త దూరం జరిపాడు. "నీకు చెప్తె నవ్వవనిపిచ్చింది. అందుకే వచ్చిన. గంతే."

ఎదురుగా అతను ఎండకు నల్లబడి, కట్లు కట్టుకుని, చిన్నపిల్లాడిలా కూర్చుని ఉన్నాడు. ఆమె దగ్గర ఉన్న మాటలేవీ అతనికి పనికిరావు. "భయపడకు" అనే హక్కు తనకు అసలే లేదు.

మల్లిక చెవి వెనకకు చెయ్యి పోనిచ్చింది. దారం రెండుసార్లు జారింది. తీసింది. తీసి, అరుగు మీద అతని పక్కన కూర్చుని, మొహం అతని వైపు తిప్పి, "నాకు గిది భయం," అని పెదాలు విప్పింది.

విజేందర్ చూశాడు. ఒక్క క్షణం అతని కళ్లు అక్కడే ఆగిపోయాయి. ఆ క్షణాన్ని మల్లిక నుంచి దాచలేదు అతను. తర్వాత ఆ కళ్లలోకి ఏదో అర్థమైన వెలుగు వచ్చింది.

"కేఫ్‌కు రానన్నది గిందుకా?"

ఆమె తల ఊపింది.

"బజ్జీలు తిననిది? ఐస్‌క్రీమ్ తిననిది? లైబ్రరీ మెట్ల మీద నన్ను అన్నన్ని మాటలన్నది గిందుకా?"

"గిందుకే."

"నాతోని నామోషి అయి కాదా?"

"కాదు."

"ఏందే నువ్వు!" విజేందర్ రెండు చేతులతో తల పట్టుకుని, కట్లు నొప్పెట్టి మూలిగాడు. "నెల రోజుల సంది నిద్ర లేదు నాకు. నా చొక్కాలు బాగలేవా, నా మాట తీరు బాగలేదా అని వట్టిగనే మూడు చొక్కాలు కొన్న! అవి నాకు నప్పినయా అంటే నప్పలే. పరమేష్‌గాడు ఏసుకొని తిరుగుతుండు."

మల్లికకు ఏడుపొచ్చింది. ఏడుపు మధ్యలో పరమేష్ ఆ చొక్కాల్లో కళ్లముందు కనిపించాడు. నవ్వు తన్నుకొచ్చింది. చెయ్యి సగం దాకా లేచింది. లేచిన చేతిని విజేందర్ పట్టుకుని కిందికి దించాడు.

"నీళ్ల భయం పోయేదాకా నువ్వు నాతోని ఉండాలె," అన్నాడు. "నేను కూడ ఉంట. ఎవలిది ముందు పోతదో చూద్దాం."

"పోకపోతె?"

"పోకపోతె ఇద్దరం భయపడుకుంటనే ఉందాం. ఒక్కరం భయపడేకన్న నయం గద."

మల్లిక నవ్వింది. నోరు నిండుగా, గొంతు విప్పి నవ్వింది. ఆ నవ్వు వాకిలి దాటి వీధిలోకి వినిపించింది.

వీధిలో నుంచి అప్పుడే వస్తున్నాడు తండ్రి జానయ్య. మెడ పట్టేసిన మనిషి కాబట్టి ఎటు చూడాలన్నా ఒళ్లంతా తిప్పాలి. ఆయన వాకిట్లో ఆగి, మెల్లగా ఒళ్లంతా తిప్పి, అరుగు వైపు చూశాడు. ఇంటి మనుషులు కాని వాళ్ల ఎదుట కూతురు నోరు తెరిచి నవ్వగా ఆయన చూసి ఎన్నేళ్లయిందో. 

విజేందర్ గాభరాగా లేచి నిలబడ్డాడు. "నమస్తే. మల్లిక క్లాస్‌మేట్‌ను."

"ఎప్పుడొచ్చినవ్ కొడుకా?"

"ఇప్పుడే. నాలుగింటి బస్సుకు పోత."

జానయ్య తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు. వంటింటి వైపు తిరిగి కేకేశాడు.

"గుర్వమ్మా, ఇంకో గిద్దెడు బియ్యం ఎక్కువ పొయ్యి. పిలగాడు ఇయ్యాల పోడు."